తాత జనతా వాచీ: ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు విరిగిపోతుందా?

గోదారిబ్బాయి:
అందరికీ నమస్తే. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, తప్పు చోట పెట్టుంటే ఏమనుకోకండి. మా తాత ఆర్టీసీ కండక్టరు, రాజమండ్రి డిపో. ఆయన హెచ్ఎంటీ జనతా వాచీ మొన్న నానమ్మ బీరువా సర్దుతుంటే పట్టుచీరల కింద రుమాల్లో చుట్టి దొరికింది. 1972లో ఉద్యోగం పర్మనెంటయ్యాక కొన్నారట. తెల్ల డయల్ అంచుల్లో టీ మరకలా పసుపెక్కింది, మీద హిందీ అక్షరాల్లో జనతా అని, కింద 17 జ్యూయల్స్ అని ఉంది. గ్లాసు నిండా గీతలు. బెల్టు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది.

దీనికో కథ ఉంది. 1986 ఎండాకాలం సెలవుల్లో మా నాన్నకి పన్నెండేళ్ళు. తాత నూతి దగ్గర స్నానం చేస్తుంటే ఈయన వాచీ తీసి సరదాగా కీ ఇచ్చాడు, అది బిగుసుకుపోయింది, కాసేపటికి వాచీ ఆగిపోయింది. తాత వచ్చి చూసి చెంప మీద ఒక్కటిచ్చారు. "ఎక్కువ కీ ఇచ్చి స్ప్రింగు విరగ్గొట్టాడు" అని మా ఇంట్లో ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు చెప్తారు, అందరూ నవ్వుతారు, నాన్న కూడా నవ్వుతాడు గానీ నాకెందుకో అది పూర్తి నవ్వు కాదనిపిస్తుంది. తాత 2009లో పోయారు. ఆ వాచీని మళ్ళీ ఎవరూ బాగుచేయించలేదు.

వచ్చే నెల నాన్న పుట్టినరోజు. డయల్ కొత్తగా వేయించి, కేసు పాలిష్ పెట్టించి, కొత్తదానిలా చేసి ఇద్దామని నా ఆలోచన. విరిగిన స్ప్రింగు ఇప్పుడు దొరుకుతుందా? ఎంతవుతుంది?

నిజాంపేట_నాని:
బ్రో, హెచ్ఎంటీకి స్పేర్లు బోలెడు దొరుకుతాయి, టెన్షన్ పడకు. డయల్ కూడా కొత్తది వేయించెయ్, మా మామయ్య వాచీకి అలాగే చేయించాం, షోరూంలోంచి తెచ్చినట్టుంది.

భూతద్దం:
డయల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు తమ్ముడూ, దయచేసి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

వాచీకొట్టు_మనవడు:
ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి, మిగతా అందరూ కాస్త ఆగండి. కీ తిప్పితే ఏమవుతోంది? ఎంత తిప్పినా ఆగకుండా వదులుగా తిరుగుతోందా, లేక గట్టిగా తగిలి ఆగిపోతోందా? బలవంతంగా తిప్పకండి, రెండు వేళ్ళతో మెల్లగా చూడండి చాలు.

గోదారిబ్బాయి:
ఇప్పుడే చూశానండి. అసలు తిరగట్లేదు, పావు చుట్టు కూడా పోవట్లేదు, గోడకి తగిలినట్టు ఆగిపోయింది. ఇంకోటి, వాచీని పక్కకి మెల్లగా ఊపితే నాలుగైదు సార్లు టిక్ టిక్ అని మళ్ళీ ఆగుతోంది.

వాచీకొట్టు_మనవడు:
అయితే మీ నాన్నగారు స్ప్రింగు విరగ్గొట్టలేదు.

మా తాతకి తెనాలిలో వాచీ రిపేరు కొట్టు ఉండేది, సెలవుల్లో ఆ అద్దాల బల్ల కిందే నా చదువంతా సాగింది, అందుకే కొంచెం వివరంగా చెప్తున్నాను. కీ ఇచ్చే వాచీలో గుండ్రటి డబ్బీ ఒకటి ఉంటుంది, దాంట్లో చుట్టచుట్టుకుని మెయిన్ స్ప్రింగు. దాని ఒక కొస మధ్యలో ఇరుసుకి, రెండో కొస డబ్బీ గోడకి కొక్కెంలా తగులుకుని ఉంటాయి. కీ ఇస్తున్నకొద్దీ స్ప్రింగు ఇరుసు చుట్టూ బిగుసుకుంటుంది, పూర్తిగా బిగుసుకున్నాక ఇక చోటు లేక ఆగుతుంది. అంతే. అది పాడవడం కాదు, నిండడం. బిందె నిండాక నీళ్ళు పోస్తే బిందె పగులుతుందా? ఆ తర్వాత కూడా పళ్ళు బిగించి తిప్పితే కీ పుల్లో పళ్ళచక్రమో దెబ్బతినొచ్చు, కానీ పన్నెండేళ్ళ పిల్లాడి వేళ్ళకి అంత బలం ఎక్కడిది.

స్ప్రింగు నిజంగా విరిగితే కీ ఎంత తిప్పినా వదులుగా తిరుగుతూనే ఉంటుంది. మీది గోడలా ఆగుతోంది. అంటే స్ప్రింగు పదిలంగా ఉంది, నిండుగా చుట్టుకుని ఉంది. ఆగిపోవడానికి కారణం నూనె. ఈ చిన్న చక్రాల ఇరుసుల దగ్గర సూది మొనంత నూనె ఉంటుంది. పాతకాలపు నూనెలు నాలుగైదేళ్ళకి చిక్కబడి జిగురవుతాయి, దుమ్ము కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. స్ప్రింగు ఎంత లాగినా చివరి చక్రం దాకా బలం చేరదు. అలా ఆగబోతున్న వాచీకి ఆ రోజు కీ ఇచ్చింది మీ నాన్నగారు, అందుకని నేరం ఆయన మీద పడింది. మా తాత దగ్గరికి వారానికి ఇద్దరైనా ఇదే మాటతో వచ్చేవాళ్ళు, "కీ ఎక్కువైందండీ" అని. ఆయన విని ఊరుకుని, మిషన్ కడిగి నూనె వేసి ఇచ్చేవాడు.

ఒక్కసారి ఆలోచించండి. తర్వాత ఎవరూ దాన్ని విప్పలేదంటున్నారు. 1986లో మీ నాన్నగారు ఇచ్చిన కీ ఇంకా ఆ డబ్బీలోనే ఉంది.

గోదారిబ్బాయి:
ఈ చివరి లైను చదివి ఆఫీసులో అలా కూర్చుండిపోయానండి.

వరంగల్_వాచీ:
మనవడు గారు, మస్తు చెప్పిన్రు.

తమ్ముడూ, ఒక జాగ్రత్త. మా బాపు వాచీ నేను ఒక పెద్ద షాపులో ఇచ్చిన, పేరు వద్దులే. మూడు వారాలు తిప్పించుకుని ఇచ్చారు, నడుస్తోంది, సంతోషం. ఏడాది తర్వాత ఇంకో ఆయన విప్పి చూసి బాలెన్స్ చక్రం, అదే అటూ ఇటూ ఊగి టైము నడిపేది, వేరే వాచీది అన్నాడు, కీ తిప్పే బుడిపె కూడా మాది కాదు. ఏం చేస్తాం, నా దగ్గర సాక్ష్యం ఏముంది? ఇచ్చేముందు నీ ఎదురుగానే మూత తీయించి మిషన్ ఫోటోలు తీసుకో, అక్షరాలు, స్క్రూ తలల మీద గీతలు అన్నీ కనపడాలి. మూత మీది నంబరు చీటీ మీద రాయించుకో. మార్చిన పాత ముక్కలన్నీ వెనక్కి ఇవ్వమని ముందే చెప్పు. ఇట్లా అడిగితే ముఖం మాడ్చుకునేవాడి దగ్గర ఇవ్వకు, అంతే.

నిజాంపేట_నాని:
స్ప్రింగు సంగతి ఒప్పుకున్నా. కానీ డయల్ మార్చొద్దంటారేంటి భూతద్దం గారూ? వాచీ పెట్టుకోవడానికా, మ్యూజియంలో పెట్టడానికా? పసుపెక్కిన డయల్‌తో బర్త్‌డే గిఫ్ట్ ఏంటి?

భూతద్దం:
నాని గారూ, కోపం లేదు, కానీ ఈ విషయంలో నేను మొండివాణ్ణే. డయల్ కొత్తగా వేయడమంటే పాత పూతంతా గీకేసి, రంగు కొట్టి, పైన మళ్ళీ అచ్చు వేయడం. ఫ్యాక్టరీలో వేసిన సన్నటి అక్షరం ఇక తిరిగి రాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఎర్ర, పచ్చ, నారింజ డయల్ జనతాలు చూసుంటారు, చాలావరకు అలా రంగు మార్చినవే. భూతద్దం పెడితే అక్షరాలు లావుగా, నిమిషాల గీతలు వంకరగా కనిపిస్తాయి. మీ మామయ్య గారి వాచీ బాగానే ఉండొచ్చు, నేను చూడలేదు. కానీ ఈ వాచీ సంగతి వేరు. బస్సులో టికెట్లు కొట్టి కొట్టి టైము రాసుకుంటూ ఆయన చూసిన డయల్ ఇది. పసుపు మరక చూసే ఆ ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారు.

డయల్‌ని తడి దూదితో తుడవడం కూడా వద్దు, పైనున్న వార్నిష్ లాంటి పూత మెత్తబడి ఉంటే అచ్చు దూదికి అంటుకుని వచ్చేస్తుంది. నేను ఒక హెచ్ఎంటీ సోనా మోడల్ డయల్ మీద "ఇండియా" అన్న మాట అలాగే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే.

కేసుకి కూడా పాలిష్ వద్దు. ఆ రోజుల్లో చవక మోడళ్ళకి ఎక్కువగా ఇత్తడి మీద క్రోమ్ పూత ఉండేది, మూత మాత్రం స్టీలు. మెషీను మీద రుద్దితే పూత లేచి ఇత్తడి బయటపడుతుంది. గ్లాసు గురించి మాత్రం దిగులు లేదు. అది గాజు కాదు, ప్లాస్టిక్ లాంటిదే, మామూలు తెల్ల పేస్టుతో, జెల్ కాదు, మెత్తటి గుడ్డ మీద వేసి పది నిమిషాలు గుండ్రంగా రుద్దితే సగం గీతలు పోతాయి. చుట్టూ కేసుకి టేపు అంటించి చేయండి. లోతు చీలికలుంటే కొత్త గ్లాసు వేయించండి, దానికి నేను అడ్డు చెప్పను.

నిజాంపేట_నాని:
సరే అన్నా, గ్లాసు దాకా వచ్చారు కదా, నాకదే చాలు.

కారంపొడి:
మా ఇంట్లో హెచ్ఎంటీ అంటే బియ్యమే గానీ వాచీ అని ఎవరికీ తెలీదు.

వాచీకొట్టు_మనవడు:
ఆ బియ్యానికీ ఈ వాచీకీ చుట్టరికం ఉందండీ. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో ఎంపిక చేసి తయారుచేసిన వరి అది, అప్పట్లో అందరి నోటా ఉన్న వాచీ పేరే దానికి పెట్టారు. ఇంకో అపోహ కూడా ఉంది, మన హైదరాబాద్ చింతల్ దగ్గర హెచ్ఎంటీలో వాచీలు చేసేవారని. అక్కడ యంత్ర పనిముట్లు చేస్తారు. వాచీలు 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలయ్యాయి, అందుకే డయల్ మీద పారాషాక్ అని ఉంటుంది, అది సిటిజన్ వాళ్ళ పేరు. వాచీ కింద పడ్డా బాలెన్స్ ఇరుసు విరక్కుండా, అది ఆనే రాయిని చిన్న స్ప్రింగుతో పట్టి ఉంచే పద్ధతి.

రాయి అంటే గుర్తొచ్చింది. 17 జ్యూయల్స్ అంటే 17 సింథటిక్ కెంపు రాళ్ళు, ఇరుసులు అరక్కుండా పెట్టినవి. వాటిని అమ్ముకుంటే డబ్బొస్తుందని వాచీలు పగలగొట్టినవాళ్ళని నేను కళ్ళారా చూశాను.

డల్లాస్_పద్దు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న రెండో ప్రపంచయుద్ధం టైములో సైన్యంలో ఉన్నారు, ఆయనది వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ సోవార్ వాచీ నాకొచ్చింది. అంకెల మీద గోధుమరంగు పొడి లాంటి పూత, కొంచెం రాలుతోంది. అది గీకేసి కొత్త రేడియం వేస్తానని ఇక్కడో హాబీ మిత్రుడు అంటున్నాడు. వేయించొచ్చా? ఇప్పుడెలాగూ చీకట్లో వెలగట్లేదు.

భూతద్దం:
పద్దు గారూ, వద్దు, ఆయన్ని దాన్ని ముట్టుకోవద్దనండి! మనవాళ్ళం చీకట్లో మెరిసే ప్రతి స్టిక్కరునీ రేడియం అంటాం, అది వేరే పదార్థం, ప్రమాదం లేదు. కానీ ఆ కాలం వాచీల మీద ఉన్నది నిజమైన రేడియమే అయ్యుండొచ్చు. వెలగకపోవడానికి కారణం దాంతో కలిపిన జింక్ సల్ఫైడు అయిపోవడం, రేడియం కాదు. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అమెరికాలోనే, న్యూజెర్సీలో, 1910ల చివర్లో, 1920ల్లో డయళ్ళకి ఈ రంగు వేసిన అమ్మాయిలు కుంచె మొన పెదాలతో సన్నం చేసి చేసి దవడ ఎముకలు పోగొట్టుకున్నారు, ప్రాణాలూ పోయాయి.

మూత వేసి ఉన్న వాచీ ఇంట్లో ఉంటే భయపడాల్సిందేం లేదు, తలగడ కింద పెట్టుకోకండి, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి. ప్రమాదమల్లా ముఖ్యంగా ఆ పొడి ఊపిరితోనో నోటితోనో లోపలికి పోవడమే. సర్వీసు చేయించాలంటే రేడియం డయళ్ళు చేస్తామని స్పష్టంగా చెప్పేవాళ్ళ దగ్గరే ఇవ్వండి. సోవార్ అంటే గుర్రపు రౌతు, మంచి వాచీ, జాగ్రత్తగా దాచుకోండి.

డల్లాస్_పద్దు:
అమ్మో! నైట్‌స్టాండ్ మీదే ఉంది, తీసేశాను. చాలా థాంక్స్ అండీ.

గోదారిబ్బాయి:
అందరికీ థాంక్స్. డయల్ ముట్టుకోను, తేలిపోయింది. మనవడు గారూ, రాజమండ్రిలో ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను, మెయిన్ రోడ్డు సందులో చిన్న గది, డెబ్బై దాటాయి. ఇప్పుడంతా సెల్లు మార్చడమే పని, కీ వాచీ చూసి నెలలైంది అన్నారు. కంపెనీ వాచీ విభాగం మూసేశారు కదా, స్పేర్లెలా అంటే, పాడైపోయిన జనతాలు ఓ డబ్బా నిండా దాచానని చూపించారు. ఆయన్ని ఏమేం అడగాలి?

వాచీకొట్టు_మనవడు:
అవును, హెచ్ఎంటీ వాచెస్ మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ డబ్బా ఉందంటే మనిషి మంచివాడే.

అడగాల్సింది ఒక్కటే, "మొత్తం విప్పి కడుగుతారా?" అని. కొందరు మూత తీసి, పైనుంచి పెట్రోలు చుక్కలు పోసి, నూనె చల్లి ఇచ్చేస్తారు, రెండు నెలలు బాగా నడుస్తుంది, తర్వాత మొదటికే వస్తుంది. సరైన సర్వీసంటే ప్రతి చక్రం, చక్రాల్ని పట్టి ఉంచే ప్రతి వంతెన విడదీసి కడగాలి, రాళ్ళ రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయాలి, ఆరాక ఒక్కో చోట ఒక్కో రకం నూనె. బాలెన్స్ దగ్గర పల్చటిది, మోబియస్ 9010 లాంటిది, స్ప్రింగు డబ్బీకి చిక్కటి గ్రీజు. ఎక్కడెంత వేయాలన్నదే చేతిపని, ఎక్కువైతే తక్కువైనదానికంటే చేటు, బాలెన్స్ మీది సన్నటి హెయిర్ స్ప్రింగుకి అంటుకుంటే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ గంటకి నిమిషాల చొప్పున పరుగెడుతుంది. ఫోను స్పీకర్ పక్కనో, బ్యాగు మాగ్నెట్ పక్కనో పెట్టినా అదే లక్షణం కనిపిస్తుంది, అప్పుడు విప్పక్కర్లేదు, అయస్కాంతం పట్టింది తీసేసే డీమాగ్నెటైజరు మీద పెడితే సరిపోతుంది.

స్ప్రింగు ఇన్నేళ్ళు చుట్టుకునే ఉంది కాబట్టి మెత్తబడి ఉంటుంది, కొత్తది వేయమనండి. పాతది మాత్రం అడిగి తెచ్చుకోండి.

ఇంకోటి. విప్పేముందు స్ప్రింగులో ఉన్న బలం వదిలించాలి, లేకపోతే చక్రాలు గిర్రున తిరిగి పళ్ళు పోతాయి. బుడిపె వేళ్ళతో పట్టుకుని, లోపల క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకి జరిపి, బుడిపెని వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి జారనివ్వాలి. వీలైతే ఆ పూట మీ నాన్నగారిని తీసుకెళ్ళండి. సర్‌ప్రైజ్ పోతుంది, పోనీయండి.

వరంగల్_వాచీ:
తీసుకుపో తమ్ముడూ. వెళ్ళొచ్చి మాకు చెప్పాలె మరి.

గోదారిబ్బాయి:
(తొమ్మిది రోజుల తర్వాత)
ఆలస్యానికి సారీ. కొంచెం పెద్ద పోస్టు.

ఆదివారం నాన్నని ఏదో పనుందని చెప్పి తీసుకెళ్ళాను. వాచీ జేబులోంచి తీయగానే నాన్న "ఇదెందుకురా ఇప్పుడు" అన్నారు. పెద్దాయన మూత తీసి కంటికి భూతద్దం పెట్టుకుని కాసేపు మూత లోపలి వైపే చూశారు. అక్కడ పిన్నుతో గీసిన సన్నటి అంకెలున్నాయి, 8-77 అని. సర్వీసు చేసినవాళ్ళు అలా లోపల గీసుకునేవారట. "ఇదొక్కసారే విప్పారు. ఎప్పుడాగింది?" అని అడిగారు. నాన్న "86 మే" అన్నారు, వెంటనే, తడుముకోకుండా. "తొమ్మిదేళ్ళు నూనె లేకుండా లాగిందన్నమాట. మీ నాన్నగారు వాచీకి చాలా పని చెప్పారు" అని పెద్దాయన నవ్వారు.

నేను ముందే ఆయన చెవిన వేశాను. ఆయన బుడిపె పట్టుకుని, పట్టకారుతో క్లిక్ జరిపి, "మీరు పట్టుకోండి, ఒక్కసారి వదిలేయకండి, వేళ్ళలో జారనివ్వండి" అని నాన్నకిచ్చారు. నాన్న వేళ్ళు వణికాయి. బుడిపె వెనక్కి తిరగడం మొదలుపెట్టింది, కరకరమని చిన్న శబ్దం. నేను వీడియో తీద్దామనుకున్నాను, తీయలేదు. ఆగిపోయాక నాన్న ఏమీ మాట్లాడలేదు. పెద్దాయనే "చూశారుగా, విరిగుంటే ఇది ఎక్కణ్ణుంచొస్తుంది?" అన్నారు.

మిగతాది తొందరగా చెప్తాను. లోపల నూనె పచ్చటి బంకలా అయిపోయింది. కీ పుల్ల తుప్పుపట్టింది, ఆయన డబ్బాలోంచి వేరేది వేశారు. బుడిపె పాతదే. స్ప్రింగు కొత్తది. గ్లాసు చీలింది, మార్చాం. డయల్ ముట్టుకోలేదు భూతద్దం గారూ, నాలుగంకె దగ్గర మరక అలాగే ఉంది. 900 తీసుకున్నారు, పాత ముక్కలన్నీ చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసిచ్చారు, మూత లోపల ఆయన కూడా ఇవాళ్టి నెల, సంవత్సరం గీశారు. రోజుకి ఇరవై సెకన్లు ముందుకెళ్తోంది.

ఇంటికొచ్చాక నాన్న పాత స్ప్రింగు కవరు నానమ్మ ముందు పెట్టి, "ఇది నేను విరగ్గొట్టలేదంట" అన్నారు. నానమ్మకి చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత "అయితే ఆ దెబ్బ ఊరికే తిన్నావురా" అని ఆయన చెంప నిమిరింది. నాన్నకి యాభై దాటాయి.

నిజాంపేట_నాని:
మెట్రోలో చదివాను బ్రో, పక్కనాయన ఏమైందని అడిగాడు.

భూతద్దం:
రోజుకి ఇరవై సెకన్లంటే ఈ వయసు జనతాకి చాలా బాగా నడుస్తున్నట్టే. దీని బాలెన్స్ గంటకి 18,000 సార్లు, అంటే రోజుకి 4,32,000 సార్లు కొట్టుకుంటుంది, అందులో ఇరవై సెకన్లు తేడా ఎంతని. తడి తగలనీయకండి, ఆ కాలపు రబ్బరు రింగుల్ని నమ్మలేం. బెల్టు మామూలు తోలుదే వేయండి, స్టీలు చైను బరువుకి పాత పిన్నులు అరుగుతాయి.

వాచీకొట్టు_మనవడు:
చాలా సంతోషమండీ. రోజూ ఒకే టైముకి కీ ఇవ్వమనండి, గట్టిగా తగిలేదాకా ఇవ్వొచ్చు, సగంలో ఆపితే రాత్రికి నెమ్మదిస్తుంది.

గోదారిబ్బాయి:
చెప్పానండీ. పొద్దున్నే కాఫీ తాగి కీ ఇస్తున్నారు, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ. ఇరవై చుట్లు అవగానే ఆపేస్తున్నారు, గట్టిపడేదాకా మాత్రం పోవట్లేదు. ఎంత చెప్పినా వినట్లేదు.